వీపు పట్టీలు

సోమవారం ఉదయం పదకొండు గంటలకు, ఇంకా టీ కూడా రాకముందే, దారాలక్క ఈ లోకంలో పుట్టనే లేదని తేలిపోయింది. తేల్చినవాడు రికార్డు కీపరు. ఏ కాగితం కనిపించినా ముద్ర వెయ్యకుండా వదలడని ఆఫీసులో అతన్ని స్టాంపయ్య అంటారు. అతని ముందు మాత్రం ఎవరూ అనరు.

"నువ్వే చూడు. రెండువందల నలభై. తరవాతది రెండువందల అరవై ఒకటి. తొమ్మిదో తారీఖు నుంచి పదిహేడుకి దూకింది. నువ్వేమో పన్నెండున పుట్టానంటున్నావు. పన్నెండున ఎవరూ పుట్టలేదు."

దారాలక్క రిజిస్టరు మీదికి వంగింది. అంకెలు కాదు, ముందు కుట్టు చూసింది. రెండు ఆకుల మధ్య చూపుడువేలి గోరు పెట్టి పైనుంచి కిందికి గీసింది. చింపిన అంచు తగల్లేదు.

"చింపింది కాదు సార్. కుట్టేటప్పటికే లేదు ఆకు."

"కుట్టింది ఎవరు?"

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. ఈ ఆఫీసులో పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు అన్నీ మెట్ల కింద ఉన్న బైండింగు గదిలోనే కుట్టు పడతాయి. మొదట ఆమె మేనమామ కుట్టాడు, తరవాత ఇద్దరూ కుట్టారు, ఇప్పుడు ఆమె ఒక్కతే కుడుతోంది.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు చిన్నదే. ఇక్కడ పనిచేసే ప్రతివాళ్ళూ తమ పుట్టుక నకలు శుక్రవారం సాయంత్రంలోగా దాఖలు చెయ్యాలి. చెయ్యనివాళ్ళ పేరు వచ్చే సోమవారం నుంచి హాజరు పట్టీలో ఉండదు. మిగిలినవాళ్ళు ఊళ్ళు తిరగాలి, ఉత్తరాలు రాసుకోవాలి. దారాలక్క మాత్రం నవ్వుకుంది. పది అడుగులు వేసి అడిగితే చాలు కదా అనుకుంది. ఇప్పుడు ఆ పది అడుగులూ వెనక్కి వెయ్యడానికి కాళ్ళు రావడం లేదు.

"సార్, మీ ఎదురుగా నిలబడి ఉన్నాను కదా."

"నిలబడ్డవాళ్ళందరికీ నకలిస్తే ఇక రిజిస్టర్లు దేనికమ్మా? నిలబడ్డది ఎవరో రిజిస్టరు చెప్పాలి."

"హాజరు పట్టీలో ముప్పై ఒక్క ఏళ్ళ సంతకాలున్నాయి."

"ఆ సంతకాలు పెట్టింది నువ్వేనని రుజువేమిటి?"

"రోజూ మీ కళ్ళ ముందే పెడుతున్నా కదా!"

"నా కళ్ళు దాఖలా కాదు. నువ్వు నువ్వేనని చూపించే కాగితం ఉంటే ఆ సంతకం నీదవుతుంది. ఆ కాగితం పుట్టుక నకలు. అది తీసుకురా."

"అది ఇవ్వమనే కదా మిమ్మల్ని అడుగుతున్నది!"

"ఆకు లేదని నేను చెబుతున్నా కదా!"

స్టాంపయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. మూడు నెలల కిందట పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు, అట్టల మీద ఈ గుండ్రటి మరకలేమిటని అడిగితే, రికార్డు కీపరు గారి టీ గ్లాసులవి అని దారాలక్క ఉన్నమాట చెప్పింది. స్టాంపయ్య ఆ రోజు తల దించుకున్నాడు. ఈ రోజు ఎత్తాడు. ఎత్తిన మొహంలో చిరునవ్వు కూడా ఉంది.

గదికి వచ్చి ఆమె జిగురు కలిపింది. మైదా నీళ్ళలో వేసి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, చిన్న మంట మీద గరిటె ఆపకుండా తిప్పాలి. ఆపింది. ఉండలు కట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళలో జిగురు ఉండలు కట్టిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పారబోసి మళ్ళీ కలిపింది. ఒళ్ళు మండిపోతోంది. ఇంకో చోటికి పోదామంటే, చేత్తో పుస్తకం కుట్టే మనిషిని పిలిచి పనిచ్చే చోటు ఈ రోజుల్లో ఎక్కడుంది? ఈ బల్ల పోతే తనకు ఇంకో బల్ల లేదు.

మంగళవారం గొడుగావిడ వచ్చింది. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగుతో రావడం వల్ల ఆమెకు ఆ పేరు. రెండు వీధుల అవతల ఆస్పత్రిలో ఆయా. పుట్టుక నకలు లేనిదే ఉద్యోగం ఖాయం చెయ్యం అన్నారట, రెండేళ్ళుగా తిరుగుతోంది. ఇది నాలుగోసారి. ఈసారి ఎక్కడో పాత పెట్టెలోంచి, వాళ్ళమ్మ దాచిన చీటీ ఒకటి వెతికి తెచ్చింది.

"నంబరు కూడా ఉంది చూడండయ్యా. రెండువందల యాభై రెండు."

"ఆ నంబరు మా దగ్గర లేదు," అన్నాడు స్టాంపయ్య చీటీ ముట్టుకోకుండా.

"నంబరు మీరిచ్చిందే కదా?"

"ఇస్తే ఉండాలి. లేదంటే ఇవ్వలేదన్నమాట."

తలుపు పక్కన అట్టలు ఎండబెడుతున్న దారాలక్క చెయ్యి ఆగిపోయింది. పోయినసారి ఇదే ఆవిడ ఇదే తలుపు దగ్గర ఆగి అడిగింది, ఏమ్మా, ఆకేమైనా ఊడిపోయి ఉంటుందా అని. కుట్టును అనుమానిస్తే దారాలక్కకు పౌరుషం పొడుచుకొస్తుంది. "మా చేతిలో ఆకు ఊడదమ్మా. మీరే ఇంకో ఊళ్ళో పుట్టి ఉంటారు, ఇంటికెళ్ళి పెద్దవాళ్ళని కనుక్కోండి," అని విసురుగా అంది. పెద్దవాళ్ళు ఎవరూ లేరని ఆవిడ చెబుతుంటే వినిపించుకోకుండా అట్టల మీద సుత్తి వేసి కొట్టింది.

ఇవాళ గొడుగావిడ ఆమె వైపు చూడలేదు కూడా. చీటీని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుని వెళ్ళిపోయింది. తన ఈడుదే, తల నెరవడం కూడా తనకు లాగే నుదుటి దగ్గర మొదలైంది అని దారాలక్క మొదటిసారి గమనించింది. రెండువందల నలభై ఒకటి నుంచి రెండువందల అరవై దాకా. ఒక ఆకుకు రెండు వైపులా కలిపి ఇరవై మంది. తనొక్కతే అనుకుంటోంది ఇప్పటిదాకా.

సాయంత్రం ఇంట్లో మేనమామ గడప పక్కన పీట మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. చూపు సగం పోయింది గాని వేళ్ళు పోలేదు. చేతికి కాగితం ఇస్తే ఏ మిల్లుదో ఇప్పటికీ చెబుతాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన మధ్యమధ్యలో స్టాంపయ్యను తిట్టాడు, వాడి తండ్రిని కూడా కలిపి తిట్టాడు.

"మామయ్యా, ఆ సంపుటం ఎప్పుడు కుట్టాం?"

"నువ్వు పనిలోకొచ్చిన ఏడే కదూ. పాత బైండింగు పాడైతే విప్పి కొత్తగా కుట్టాం. అప్పుడే కదా, వీపు పట్టీలకి కాగితం లేక..."

 వేళ్ళ మధ్య ఉన్న కాయ పగిలింది గాని గింజలు కింద పడ్డాయి. తడుముకోలేదు.

పుస్తకం కుట్టాక, వీపు గట్టిగా ఉండటానికి దాని మీద మందపాటి కాగితం పట్టీ అతికిస్తారు. దాని మీద గుడ్డ, గుడ్డ మీద అట్ట. ఆ పట్టీ మళ్ళీ ఎవరి కంటా పడదు. అందుకే దానికి మంచి కాగితం ఎవరూ పెట్టరు, చిత్తు కాగితం కోసి పెడతారు.

"ఏ కాగితం కోశాం మామయ్యా?"

"చిత్తు కట్ట ఒకటుండేది. బల్ల కింద." ఆయన గొంతు తగ్గింది. "విప్పిన ఆకులు బల్ల మీద, చిత్తు బల్ల కింద. గాలికి ఒకటి కింద పడి ఉంటుంది. నేనే కోశాను అప్పుడు. నాకు గుర్తుంది, నేనే."

అబద్ధం చెప్పడం ఆయనకు రాదు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి మధ్యాహ్నాలు దారాలక్కకు బాగానే గుర్తున్నాయి. పదిహేనేళ్ళది, అప్పటికి సంతకం తప్ప చదువు రాదు, అక్షరాలు తరవాత ఈయనే నేర్పాడు. బల్ల కింద చతికిలబడి కూర్చుని, చిత్తు కట్ట ఒళ్ళో పెట్టుకుని, పట్టీలు కొయ్యడమే ఆమె మొదటి పని. ఆయన కత్తి పెట్టి కోసేవాడు. ఆమెకు కత్తి ఇవ్వలేదు, కత్తెర ఇచ్చాడు.

బుధవారం పొద్దున్నే బీరువాలు తెరిచింది. ఆ ఏడు కుట్టిన పుస్తకాలు పద్నాలుగు. తను కోసిన పట్టీలు తను కుట్టిన పుస్తకాలకే పడేవి, అవి ఏవో పట్టిక చూడకుండానే తెలుస్తుంది. దారం ఎక్కడ జారిపోతుందో అని భయపడి అప్పుడు ప్రతి ముడినీ రెండుసార్లు వేసేది, మామయ్య ఎన్ని చీవాట్లు పెట్టినా మానలేదు. రెండు ముళ్ళవి ఐదు దొరికాయి.

వీపు మీద తడిగుడ్డ పరిచింది. జిగురు నానాలి, లోపలి ఆకులకు తేమ తగలకూడదు. ప్రతి పది నిమిషాలకూ గుడ్డ మార్చింది. గంట తరవాత కాగితం లేపే ఎముక బద్ద అంచుతో గుడ్డను లేపి, కింద కాగితాన్ని వెంట్రుక మందాన వదులు చేస్తూ పోయింది. మొదటి పుస్తకంలో ఏదో పాత ప్రకటన. రెండోదాంట్లో పాత పంచాంగం ముక్క. మూడోది చావుల రిజిస్టరు. పట్టీ వెనక్కి తిరగ్గానే అంకెలు కనిపించాయి. రెండువందల నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. అప్పటి సిరా గట్టిది, నీళ్ళకు చెదరలేదు.

అంచు తిన్నగా లేదు. ప్రతి బెత్తెడుకీ చిన్న మెట్టు, కత్తెర ఆపి మళ్ళీ మొదలుపెట్టిన చోటల్లా. కత్తి అలా కొయ్యదు. దారాలక్క ఆ అంచును కుడిచేతి బొటనవేలితో తడిమి, కూర్చున్న చోటే కూర్చుండిపోయింది. సిగ్గు వేసింది. స్టాంపయ్య మీద వచ్చిన కోపం కంటే ఎక్కువ సిగ్గు, ఎవరూ చూడకపోయినా చెవుల దాకా పాకే సిగ్గు.

ఆకును నిలువుగా మూడు పట్టీలు చేసింది అప్పటి పిల్ల. మిగిలిన రెండూ నాలుగు, ఐదు పుస్తకాల్లో దొరికాయి. ఆరబెట్టి పక్కపక్కన పేర్చింది. మొదటి పట్టీలో నంబరు, తారీఖు. రెండోదాంట్లో ఆడో మగో, తండ్రి పేరు, తల్లి పేరు. మూడోదాంట్లో ఇల్లు, వీధి, చెప్పినవాళ్ళ వేలిముద్ర. రెండువందల నలభై ఏడు. పన్నెండో తారీఖు. ఆడ. నాన్న పేరు. అమ్మ పేరు. చివర అమ్మమ్మ వేలిముద్ర, కొంచెం పక్కకు జారి. దారాలక్క తన పుట్టుకను మొదటిసారి చదువుకుంది, అదీ తనే మూడు ముక్కలు చేశాక. పట్టీలు తిరగేస్తే రెండో వరసలో రెండువందల యాభై రెండు, గొడుగావిడ.

మధ్యాహ్నం మూడు పట్టీలూ అట్ట మీద పెట్టి తీసుకెళ్తే స్టాంపయ్య కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు.

"ఎక్కడివి ఇవి?"

చెప్పింది.

"బాగానే వెతికావు. కానీ రిజిస్టరులో ఉన్నదే ఆకు. బయట ఉన్నది కాగితం ముక్క. తిరిగి కుట్టాలంటే పై అధికారి ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు కావాలంటే ఆకు ఎలా బయటికొచ్చిందో రాసివ్వాలి. ఊరికే కాదు, కోసినవాళ్ళ సంతకంతో." అతను ముందుకు వంగి, మేలు చేస్తున్నవాడిలా గొంతు తగ్గించాడు. "ప్రభుత్వ రికార్డు కొయ్యడం చిన్న తప్పు కాదు. ఉద్యోగం పోవచ్చు. రేపు చెప్పు."

ఇంటికెళ్ళి గుమ్మంలోనే సంగతంతా చెప్పేసరికి మామయ్య చొక్కా తొడుక్కుని సిద్ధమయ్యాడు. జుట్టు కూడా దువ్వుకున్నాడు.

"పద, నేనొచ్చి రాసిస్తా. రిటైరైనవాణ్ణి, గుడ్డివాణ్ణి. నన్నేం చేస్తారే?"

"కోసింది నువ్వు కాదు మామయ్యా."

"ఎవరికి తెలుసు అది?"

"నీకు తెలుసు. నాకూ తెలుసు."

"మొండిదానా! నీకు ఉద్యోగం ఉండాలా వద్దా?"

"ఉండాలి." ఆమె చెప్పులు విప్పి గోడకి ఆనించింది. "నువ్వు కోశానని రాస్తే, ఆ రోజు ఆ బల్ల కింద నేను లేనట్టే కదా. రెండు రోజుల నుంచి వాడూ అదే మాటంటున్నాడు. నువ్వు కూడా ఎందుకంటావు?"

ఆయన చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు.  "కత్తెర ఇచ్చింది నేను. అదైనా రాయవే," అన్నాడు.

గురువారం ఆమె రాసిచ్చింది. నాలుగే వాక్యాలు. కత్తెర సంగతి రాయలేదు.

స్టాంపయ్య రెండుసార్లు చదివాడు. మొహం వెలిగిపోయింది. సొరుగులోంచి మెమో కాగితాలు తీసి, కార్బను పెట్టి, అంచులు సరిచేసుకున్నాడు. అంత శ్రద్ధగా అతను పని చెయ్యడం దారాలక్క ఎన్నడూ చూడలేదు.

"పూర్తి పేరు?"

చెప్పింది. రాశాడు.

"తండ్రి పేరు? తల్లి పేరు?"

చెప్పింది. రాశాడు.

"వయసు?"

"నలభై ఆరు."

రాశాడు. కలం ఒక్క చోట కూడా ఆగలేదు. కాగితమేదని అడగలేదు, రుజువేదని అడగలేదు. సోమవారం నుంచి ఆ తల్లి కడుపున ఎవరూ పుట్టలేదని వాదించిన మనిషి, తప్పు మొయ్యడానికి ఒక మనిషి కావలసి వచ్చేసరికి, పేరు, ఊరు, అమ్మా నాన్నలతో సహా ఆమెను నిలువునా కాగితం మీద నిలబెట్టాడు. 'ఈ కార్యాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలుగా బైండరుగా పనిచేస్తున్న' అని కూడా రాశాడు. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే తీసివేత. పైకి పంపి అధికారి సంతకం తెప్పించాడు. ఆకు తిరిగి కుట్టాలన్న ఉత్తర్వు కూడా దానితోనే వచ్చింది. కుట్టేవాళ్ళు వేరే ఎవరూ లేరు కనక, కుట్టమన్నది కూడా ఆమెనే.

"ముట్టినట్టు సంతకం పెట్టు."

పెట్టింది. స్టాంపయ్య హాజరు పట్టీ లాక్కుని, పాత సంతకాల పక్కన మెమో పెట్టి, ఒక్కొక్క అక్షరం పోల్చి చూశాడు. రేపు ఆ సంతకం తనది కాదని ఆమె అంటే చెల్లకూడదు మరి.

"ఆఁ. నీదే," అన్నాడు. దబ్బున 'సంతకం సరిచూడటమైనది' ముద్ర వేశాడు.

దారాలక్క ఆ ముద్ర వంక చూసింది.  మెమోను మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని గదికి వెళ్ళింది.

శుక్రవారం పొద్దుటి నుంచీ ఆకు పని. వెనక రాత కూడా కనిపించేంత పల్చటి కాగితం మీద మూడు పట్టీలనూ అంచుకు అంచు కలిపి అతికించింది. వంకర మెట్లు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. తిన్నగా కోసి ఉంటే ఇంత బాగా కలిసేవి కావు. బరువు పెట్టి ఆరనిచ్చింది. రిజిస్టరు కుట్టు అక్కడి దాకా విప్పి, ఆకు చేర్చి, దారానికి మైనం రాసి సూది దింపింది. చివర ఒక్క ముడే వేసింది. కాస్త ఆగి, రెండోది కూడా వేసింది.

మధ్యాహ్నం అన్నం మానేసి ఆస్పత్రికి వెళ్ళొచ్చింది. మూడు గంటలకు రిజిస్టరు, తన దరఖాస్తు స్టాంపయ్య ముందు పెట్టింది.

అతను ఆకు తిప్పాడు. వెలుతురుకు పట్టి చూశాడు. వేలు రెండువందల నలభై ఏడు మీద ఆగింది.

"బాగుంది. ఫలానా దంపతులకు ఆడపిల్ల. పుట్టింది, కాదనను. ఆ పిల్ల నువ్వేనని ఏమిటి రుజువు?"

దారాలక్క రెండు అట్టలూ తెరిచి మెమో బల్ల మీద పెట్టింది.

"ఏమిటిది?"

"దరఖాస్తుకు జతచేస్తున్నా సార్. ఫలానా దంపతుల కూతురు, వయసు నలభై ఆరు, ఈ ఆఫీసు బైండరు, సంతకం సరిచూడటమైనది. రాత మీది, ముద్ర మీది, పైన పెద్దసారు సంతకం. నేను కాకపోతే చెప్పండి, ఈ మెమో నాది కాదు, తిరిగి తీసేసుకోండి."

స్టాంపయ్య మెమో వంక చూశాడు. దరఖాస్తు వంక చూశాడు. ఒకటి కాదనాలంటే రెండోదీ కాదనాలి. పక్క బల్లల దగ్గర కలాలు ఆగిపోయాయి. అతను టీ గ్లాసు తీసి రిజిస్టరు మీద పెట్టబోయి, ఆమె చూపు చూసి, కిటికీ మీద పెట్టాడు.

నకలు రాయడానికి అతనికి ఇరవై నిమిషాలు పట్టింది. ముద్ర మెల్లగా వేశాడు.

"సంజాయిషీ సంగతి మర్చిపోకు. సంతోషపడకు అప్పుడే."

"మర్చిపోను సార్."

నాలుగున్నరకు గొడుగావిడ వచ్చింది, ఆయా దుస్తుల్లోనే, పరుగున వచ్చిందేమో రొప్పుతూ. చీటీలో నంబరు ఆకులో కనిపిస్తుంటే ఇంకో దారి లేక స్టాంపయ్య రెండో నకలు కూడా రాశాడు. ఆవిడ దాన్ని చదవలేదు. అమ్మ పేరు ఉన్న చోట వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. తరవాత మెట్ల కింద గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"దొరికిందని మీరే వచ్చి చెప్పారు. చాలా థాంక్సమ్మా. ఇంతకీ ఆకు ఎవరు తీశారట?"

దారాలక్క చేతిలో సూది ఉంది. దాన్ని దారపు ఉండకు గుచ్చి లేచింది. ఊరికే థాంక్సు పుచ్చుకుని పంపెయ్యవచ్చు. ఒక్క క్షణం పంపెయ్యాలనే అనిపించింది.

"నేనే. చిన్నప్పుడు, చిత్తు కాగితమనుకుని కోశాను."

ఆవిడకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం మారిపోయింది.

"మీరా? ఇదే గుమ్మంలో నన్ను ఇంకో ఊళ్ళో పుట్టావన్నారే? రెండేళ్ళు! నా కంటే వెనకొచ్చినవాళ్ళు ఖాయమైపోయారు. నాకసలు అమ్మా నాన్నా ఉన్నారా అని నాకే అనుమానం వచ్చింది. మీకు సిగ్గు లేదూ?" గొడుగు పిడి బల్లకేసి కొట్టింది. అట్టలు జారి కింద పడ్డాయి. "ఏం మనుషులమ్మా మీరు? మిమ్మల్నే అడుగుతున్నా!"

పై గదుల్లోంచి తలలు తొంగిచూశాయి. ఈ వారం ఈ ఆఫీసులో దారాలక్క ఎదురుగా నిలబడి, ఆమె కళ్ళలోకి చూసి, ఆమెతోనే మాట్లాడిన మొదటి మనిషి ఈవిడ. ప్రతి మాటా గుచ్చుకుంది. ప్రతి మాటా తనకు చెందిందే. ఏడుపొచ్చింది, దానికింద ఏదో చెప్పలేని నిమ్మళం కూడా వచ్చింది.

"అవునండి, నేనే," అంది మళ్ళీ. గొడుగావిడ తిట్టడం అయ్యేదాకా అక్కడినుంచి కదల్లేదు.